మామ్మ చేదు, నాన్న సీసా

మొన్న మా పెదనాన్న పెద్దకర్మకి పర్లాకిమిడి వెళ్ళాను. బస్సు దిగి, రాజావారి కోట పక్కనుంచి నడిచి మా పాత సందులోకి తిరిగేసరికి ఒక వాసన గుప్పున కొట్టింది. ఎవరింట్లోనో ఆముదం వండుతున్నారు. మాడిన గింజలూ, పచ్చి నూనే, కట్టెల పొగా కలిసిన ముతక వాసన అది. నా వెనక వస్తున్న మా అబ్బాయి జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. నాకు మాత్రం నాలిక మీద జిడ్డు, కడుపులో తిప్పు, ఇత్తడి గ్లాసులో వేడి కాఫీ పట్టుకుని కాపలాగా నిలబడ్డ మామ్మ, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి.

మా చిన్నప్పుడు ఆ వంట ఇంట్లో పెద్ద తంతు. గింజలు ఎండబెట్టి, ఇనప మూకుడులో వేయించి, రోట్లో మెత్తగా దంచేవారు. ఆ ముద్దని పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి మరిగిస్తే కాసేపటికి నూనె పైకి తేలుతుంది. మామ్మ పైపైన తేరుకున్నది గరిటెతో తీసి, ఇంకో గిన్నెలో పోసి, సన్నటి సెగ మీద మళ్ళీ కాచేది. చిటపటలు ఆగేదాకా దించేది కాదు. "సప్పుడాగిందంటే నీరు పోయినట్టు" అనేది. అదే వంటాముదం. అడుగున మిగిలిన పిప్పిని కొబ్బరిచెట్టు మొదట్లో పోయించి, ఆవు మూతి పెట్టకుండా మట్టి కప్పించేది. ఎందుకని అడిగితే "ఇసం రా బాబూ, గొడ్డు సచ్చిపోద్ది" అని ఒక్కమాటలో తేల్చేసేది.

ఆ విషం పేరు రైసిన్ అని ఫార్మసీ చదువుకున్నప్పుడు తెలిసింది. గింజలో ఉండే ప్రొటీన్ అది. నూనెలో కరగదు, పిప్పిలో, నీళ్ళలో ఉండిపోతుంది, బాగా మరిగితే చెడిపోతుంది. 1978లో లండన్‌లో గియోర్గి మార్కోవ్ అనే బల్గేరియా రచయితను చంపడానికి వాడింది అదేనని చెబుతారు. గుండుసూది తలకాయంత గుండులో పట్టే విషం సరిపోయిందట. వేయించడం, నీళ్ళలో మరిగించడం, పిప్పి పారెయ్యడం, నూనెలో నీటి చుక్క లేకుండా మళ్ళీ కాచడం, మామ్మ పద్ధతిలో ఒక్కటీ దండగ పని కాదు. ఆవిడకి రైసిన్ తెలీదు, చచ్చిన గొడ్డు తెలుసు.

ఆ నూనె నెలకో ఆదివారం మా గొంతుల్లో పడేది. పొద్దున్నే, పరగడుపున, వరసలో నిలబెట్టి, ముక్కు మూసి. వెంటనే వేడి కాఫీ. మధ్యాహ్నం దాకా పెరటి దారే మా లోకం, చారూ అన్నమే భోజనం. ఆముదం పేగుల్ని ఎలా కదిలిస్తుందో 2012 దాకా సరిగ్గా తేలలేదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. పేగుల్లో ఆముదం విడిపోయి రిసినోలెయిక్ ఆమ్లం బయటికి వస్తుంది. పేగు కండరాల్లో ఈపీ3 అనే గ్రాహకం, అంటే సంకేతం అందుకునే ప్రొటీన్, ఉంది. ఆమ్లం వెళ్ళి దాన్ని తడితే పేగు కదులుతుంది. జర్మనీ శాస్త్రవేత్తలు ఆ గ్రాహకం లేని ఎలుకల్ని తయారు చేసి ఆముదం పోస్తే వాటికి ఏమీ కాలేదు. ఆ ఎలుకల అదృష్టం మాకు లేదు. అదే గ్రాహకం గర్భసంచిలోనూ ఉందని, ఆముదం దాన్నీ కదిలిస్తుందని కూడా వాళ్ళే చూపించారు. నెలలు నిండని ఆడమనిషి ఉన్న ఇంటికి మామ్మ ఆముదం సీసా అప్పు కూడా ఇచ్చేది కాదు.

కానీ పిల్లలకి నెలనెలా ఆముదం పోయాలన్న నియమానికి మాత్రం శాస్త్రంలో ఏ ఆధారమూ లేదు. మలబద్ధకం ఉంటే మందు, లేకపోతే ఒఠ్ఠి శిక్ష. అది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను, మామ్మ లేదు కాబట్టి.

సీసా మీద కాగితం

మా నాన్న సర్కారు డిస్పెన్సరీలో కాంపౌండరు. ఇంట్లో ఆయన, ఆయన తల్లి, ఇద్దరూ వైద్యులే అన్నమాట, ఇద్దరికీ డిగ్రీ లేదు. ఊరు ఒరిస్సాలో, మాట తెలుగు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, మా చుట్టాల్లో సగం మంది పాతపట్నం, టెక్కలి వైపు ఉండిపోయారు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, సంతలో కొండవాళ్ళ సవర. నాన్న మూడు భాషల్లోనూ "రోజుకి మూడుసార్లు, తిన్నాక" అనగలిగేవాడు. వాటిలో సవర ఎంత బాగా వచ్చో నాకు తెలీదు గానీ, రోగులు తలూపేవారు.

డిస్పెన్సరీకి ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోవాలి. నాన్న దాన్ని కడిగి, ఎర్రటి మిక్స్చర్ పోసి, పొడుగాటి కాగితం ముక్క మడిచి, అంచుల్లో పళ్ళలాగా కత్తిరించి, సీసా పక్కన జిగురుతో అంటించేవాడు. ఒక్కో పన్నుకీ ఒక్కో మోతాదు. చదువు రాని మనిషి కూడా వేలు పెట్టి ఇక్కడిదాకా తాగాలి అని తెలుసుకోవచ్చు. సాయంత్రాలు ఆ కాగితాలు కత్తిరించడం నా పని. కత్తెర కిర్రుకిర్రు, గాజు గరాటు మీద గాజు సీసా మోగడం, లోపల డాక్టరుగారి దగ్గు, ఇవీ నా సాయంత్రాలు.

"ఏముందిరా దాన్లో?" అని మామ్మ అడిగేది వెక్కిరింతగా. కడుపు ఉబ్బరానికి ఇచ్చే ఆ ఎర్ర మందులో నిజానికి ఉన్నది యాలకులు, సీమజీలకర్ర, దాల్చినచెక్క. ఎరుపు మాత్రం ఒక పురుగుది, కోచినీల్ అంటారు. ఆ సంగతి నాన్న మామ్మకి ఎప్పుడూ చెప్పలేదు, చెబితే సీసా గడప దాటేది కాదు. నొప్పికి ఇచ్చే బెల్లడోనా టింక్చరు ఒక మొక్కది. గుండెకిచ్చే డిజిటాలిస్ ఇంకో మొక్క ఆకుది. మామ్మ రోట్లోదీ, నాన్న అలమారలోదీ చాలావరకు ఆకులూ బెరళ్ళే.

డిజిటాలిస్ కథ నేను తర్వాత చదివాను. ఇంగ్లండులో విలియం విదరింగ్ అనే డాక్టరు ఉండేవాడు. ఒళ్ళు నీరు పట్టి, డాక్టర్లు వదిలేసిన రోగుల్ని ఒక పల్లెటూరి ముసలమ్మ బాగు చేస్తోందని ఆయనకి తెలిసింది. ఆవిడ కషాయంలో ఇరవై పైచిలుకు ఆకులు ఉండేవి. వాటిలో పని చేసేది ఫాక్స్‌గ్లవ్, అంటే డిజిటాలిస్ మొక్క, ఒక్కటేనని పట్టుకోవడం ఆయనకి కష్టం కాలేదు. ఎంత ఇవ్వాలన్నది తేల్చడానికి మాత్రం దాదాపు పదేళ్ళు పట్టింది. కొంచెం తక్కువైతే పని చెయ్యదు, కొంచెం ఎక్కువైతే గుండె ఆగుతుంది. 1785లో పుస్తకం వేశాడు, చెడిపోయిన కేసులతో సహా. ఆ ముసలమ్మ పేరు మాత్రం అందులో లేదు. అది చదివినప్పుడు నాకు మామ్మ కాదు, నాన్న అంటించిన పళ్ళ కాగితం గుర్తొచ్చింది.

చలిజ్వరం

మా వైపు చలిజ్వరం, అదే మలేరియా, రాని పిల్లాడు లేడు. గుమ్మ, సెరంగో కొండల నుంచి దిగే సవరలకైతే అది ఇంటి మనిషే. మధ్యాహ్నం ఎండలో ఆడుకుంటుంటే వెన్నులో సన్నటి చలి మొదలయ్యేది, కాసేపటికి పళ్ళు టకటక కొట్టుకునేవి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పి, వాటి మీద అక్కని పడుకోబెట్టినా వణుకు ఆగేది కాదు. తర్వాత నిప్పులా ఒళ్ళు, ఆ తర్వాత ఏరులా చెమట, ఆ రాత్రికి ఏమీ జరగనట్టు ఆకలి. మళ్ళీ ఒక రోజు విడిచి అదే వేళకి ఠంచనుగా వచ్చేది.

నాన్న మాత్ర ఇచ్చేవాడు. మామ్మ నేలవేము కాచేది. వేపని మించిన చేదు. కాడా ఆకూ అంతా కలిపి ఎండబెట్టి, గుప్పెడు తీసి చెంబుడు నీళ్ళు అరచెంబు అయ్యేదాకా మరిగించేది. ఆ ఆవిరి ముక్కుకి తగిలినా గొంతు చేదెక్కేది. మామ్మ సిద్ధాంతం ఒక్కటే, "చేదు జ్వరాన్ని తరుముద్ది." నాన్న ఇచ్చే క్వినైన్ కూడా చేదే కదా అని ఆవిడ వాదన. "ఆ చేదూ ఈ చేదూ ఒకటి కాదమ్మా" అనేవాడు నాన్న. ఈ గొడవ నేను చొక్కా తడిసిపోయి పడుకుని వినేవాణ్ణి.

నాన్నదే నిజం. క్వినైన్ సింకోనా చెట్టు బెరడుది. 1820లో పారిస్‌లో పెల్టియే, కవెంటూ అనే ఇద్దరు దాన్ని బెరడు నుంచి విడదీశారు. అంతకుముందు బెరడుపొడి ఇచ్చేవాళ్ళు, ఒక చెట్టు బెరడులో మందు ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ, కొందరు బతికేవారు, కొందరు పోయేవారు. విడదీశాక తూచి ఇవ్వడం కుదిరింది. నేలవేములో చేదు వేరు, ఆండ్రోగ్రఫోలైడ్ అంటారు. జలుబు, గొంతునొప్పి లాంటివాటిలో అది కొంత ఉపశమనం ఇస్తుందని కొన్ని పరీక్షల్లో కనబడింది, ఆ పరీక్షలన్నీ గట్టివి కావు. మలేరియాని మాత్రం మనుషుల్లో అది నయం చేస్తుందని ఎవరూ చూపించలేదు. రోజు విడిచి రోజు వచ్చే జ్వరంలో ఇంకో మాయ ఉంది. మామ్మ కషాయం ఇచ్చిన మర్నాడు ఎలాగూ జ్వరం రాదు. ఆ ఖాళీ రోజు పేరు మామ్మ ఖాతాలో పడేది.

కానీ మామ్మ సిద్ధాంతం మొత్తం తప్పని అనలేను. చైనాలో టు యూయూ అనే ఆవిడ చేసిన పని చదివాక అస్సలు అనలేను. మలేరియాకి మందు వెతకమని చెబితే ఆవిడ పాత వైద్య గ్రంథాలు తిరగేసింది. నాలుగో శతాబ్దం నాటి గె హాంగ్ పుస్తకంలో చింగ్‌హావ్ అనే మొక్కని నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. మరిగించమని లేదు. అదేమిటని ఆవిడకి అనుమానం వచ్చింది. వేడికి మందు చెడిపోతోందేమోనని తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. పని చేసింది. అదే ఆర్టిమిసినిన్, 2015లో నోబెల్ వచ్చింది. మన వినాయక చవితి పత్రిలో మాచిపత్రి ఆ మొక్కకి చుట్టమే. అలాగని మాచిపత్రి నమిలితే మలేరియా పోదు. అసలు చింగ్‌హావ్ ఆకునే టీ కాచుకుని తాగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక కప్పులో మందు ఎంత పడిందో తెలీదు, చాలీచాలని మందు తాగితే క్రిమి రాటుదేలుతుంది.

ముసలమ్మ చెప్పిందంతా కొట్టెయ్యకుండా, అంతా నమ్మకుండా, మరిగించమన్నారా నానబెట్టమన్నారా అని చూసే కళ్ళు ఎంతమందికి ఉంటాయి? మామ్మ అన్నీ మరిగించేది.

సంత

నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు ఉన్న రోజులవి. 1900లో రాజావారు పర్లాకిమిడి దాకా వేయించి, తర్వాత గుణుపురం దాకా పొడిగించిన నేరో గేజ్. 2004లో ఆపేసి తర్వాత పెద్ద పట్టాలు వేశారు. సంత రోజున ఆ రైల్లో మనుషులకంటే బుట్టలే ఎక్కువ. కొండచీపుర్లు, చింతపండు, పసుపు, అల్లం, పనసకాయలు, కరక్కాయలు. సవర ఆడవాళ్ళు వరసగా నేల మీద కూర్చునేవారు. బేరం మాటలు తక్కువ, వేళ్ళ లెక్క ఎక్కువ. గిడుగు రామ్మూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే మేష్టరుగా ఉండి వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు రాశారు. మా ఊరివాళ్ళం చాలామందిమి మాత్రం "ఎంత?" దగ్గరే ఆగిపోయాం.

మామ్మకి ఖాయంగా వేర్లు ఇచ్చే ఒకావిడ ఉండేది. పేరు తెలీదు, మామ్మ "సెల్లీ" అనేది, ఆవిడ ఏదో అనేది, ఇద్దరికీ సరిపోయేది. ఆవిడ బుట్టలో ఒక మూల వంకరటింకర వేర్లు చిన్న కట్టగా ఉండేవి. సర్పగంధ. మామ్మ దాన్ని కొనేది కాదు, "అది మత్తు మందు, ఇంట్లో ఉండకూడదు" అనేది. కొనేవాళ్ళు వేరే ఉండేవారు, చేతి సంచీతో వచ్చి, తూకం లేకుండా కట్టలు కట్టలుగా ఎత్తుకుపోయే దళారులు.

ఆ వేరు ఎక్కడికి పోతోందో నాన్నకి తెలుసు, అలమారలో బీపీ మాత్రల డబ్బా ఉంది కాబట్టి. 1931లో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ కలకత్తా నుంచి ఈ వేరు రక్తపోటు తగ్గిస్తుందనీ, పిచ్చిని నెమ్మదింపజేస్తుందనీ రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జల్ వకీల్ తన రోగుల వివరాలతో ఒక బ్రిటిష్ గుండె వైద్య పత్రికలో వ్యాసం వేశాడు. దాంతో ప్రపంచం ఇటు తిరిగింది. 1952లో స్విట్జర్లండ్‌లో సీబా కంపెనీవాళ్ళు వేరులోంచి రిసర్పిన్ విడదీశారు. కొన్నాళ్ళు రక్తపోటుకి అదే పెద్ద మందు. అయితే వాడినవాళ్ళలో కొందరు దిగులులో పడ్డారు, ఉత్సాహం చచ్చిపోయి కూర్చున్నారు. మెదడులో కొన్ని రసాయనాల నిల్వని అది ఖాళీ చేస్తుందని అప్పుడు తేలింది. దిగులు జబ్బు గురించి ఆ తర్వాత వచ్చిన సిద్ధాంతాలకి ఆ సంగతే ఒక పునాది అయింది. ఇప్పుడు మంచి మందులు వచ్చాక దాన్ని పెద్దగా రాయడం లేదు.

కొండ మీద జరిగింది వేరు. ఆకు కోస్తే మొక్క బతుకుతుంది, వేరు తవ్వితే బతకదు. నా హైస్కూలు రోజులకే ఆవిడ బుట్టలో ఆ మూల ఖాళీ అయిపోయింది. అడిగితే చేత్తో దూరంగా, ఇంకా పైకి అన్నట్టు చూపించింది. 1990లో సర్పగంధని అంతర్జాతీయ వ్యాపారం మీద నిఘా ఉండే సైటిస్ జాబితాలో చేర్చారు. ఆ మొక్క వల్ల లాభపడ్డవాళ్ళ లెక్కలో ఆ బుట్ట మనిషి ఎక్కడా కనబడదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కొంచెం కోపం వస్తుంది, ఎవరి మీదో తెలీదు.

ఇంకో మాట. ఆ వేరు పాము కాటుకి పని చేస్తుందని సంతలో అందరూ చెప్పేవారు. పని చెయ్యదు. పాము విషానికి విరుగుడు ఇంజెక్షను ఒక్కటే. మా సందులో ఒకాయన్ని పాము కరిచిన రాత్రి మామ్మ రోలు జోలికే వెళ్ళలేదు. "ఎడ్లు కట్టండి, ఆస్పత్రికి" అని వీధి దద్దరిల్లేలా అరిచింది. తనకి తెలీనిది ఏదో మామ్మకి బాగా తెలుసు.

కూరలో పడ్డది

మామ్మ మందుల్లో సగం చప్పగా తేలినా, ఆవిడ కూరలు నిలబడ్డాయి. పెరట్లో మునగచెట్టు ఉండేది. ఆషాఢంలో మునగాకు తినాలని శాస్త్రం, మా ఇంట్లో ఆషాఢం ఏడాదంతా ఉండేది. ఆకు దూసే పని పిల్లలది. చాప మీద కొమ్మలు పరిచి, వెన్ను పట్టుకుని వెనక్కి లాగితే చిట్టి ఆకులు జలజల రాలేవి. తెలగపిండితో మునగాకు, శనగపప్పుతో మునగాకు, ఏమీ లేని రోజు వెల్లుల్లి వేసి మునగాకు. బడిలో ఒడియా పిల్లల డబ్బాల్లోనూ అదే, వాళ్ళు సజనా శాగ అనేవారు.

ఇప్పుడు అదే ఆకు పొడి చేసి, అందమైన డబ్బాలో పెట్టి, నూరు జబ్బులకి మందని అమ్ముతున్నారు. నూరు జబ్బుల సంగతి అలా ఉంచండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం వంద గ్రాముల పచ్చి మునగాకులో మూడొందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. కెరోటిన్ పుష్కలం, అదే ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది. ఇనుమూ ఉంది, ఆకులోని ఇనుము అంత తేలిగ్గా ఒంటికి పట్టదు, పక్కన నిమ్మకాయ పిండుకుంటే విటమిన్ సి దాన్ని కాస్త పట్టిస్తుంది. చోళ్ళలోనూ, అంటే రాగుల్లోనూ, వంద గ్రాములకి మూడొందల పైనే కాల్షియం. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం మునగాకు, మజ్జిగ. పాలు కొనలేని ఇళ్ళలో పిల్లల ఎముకలు అలా గట్టిపడ్డాయి. గుప్పెళ్ళకొద్దీ తిన్నది కాబట్టి పని చేసింది. చెంచాడు పొడి పాలలో కలిపితే అంత పని జరగదు.

మెంతుల కథలోనూ ఇదే తిరకాసు. నాకు షుగరు వచ్చిందని తెలిసిన రోజు నుంచి మా చుట్టాలందరూ రాత్రి నానబెట్టిన అరచెంచా మెంతులు పొద్దున మింగమంటారు. మెంతులు షుగరు మీద పని చేస్తాయని గట్టిగా చూపించినవాళ్ళు ఆ హైదరాబాద్ సంస్థవాళ్ళే. 1990లో అచ్చయిన వాళ్ళ పరీక్షలో రోగులకి ఇచ్చింది రోజుకి వంద గ్రాముల మెంతిపిండి, నూనె తీసేసి, రొట్టెల్లో కలిపి. పరగడుపు షుగరు బాగా తగ్గింది. మెంతుల్లో ఉండే జిగురు పీచు, పేగుల్లో చక్కెర రక్తంలోకి ఎక్కడాన్ని నెమ్మది చేస్తుంది. వంద గ్రాములెక్కడ, అరచెంచా ఎక్కడ! నేను చారులో పోపు పెట్టుకుంటాను, మాత్ర వేసుకుంటాను.

పసుపూ అంతే. మా పక్కనున్న కంధమాల్ కొండల పసుపుకి 2019లో, ఫలానా చోటి సరుకని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది, మంచి పసుపు. గాయం మానడానికి పసుపు వాడటం తామే కనిపెట్టామని అమెరికాలో కొందరు 1995లో పేటెంటు తీసుకుంటే మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. ఆ వార్త విన్నప్పుడు నాన్న మామ్మ ఫొటో వైపు చూసి నవ్వాడు. కానీ పసుపులో మందనుకునే కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళే ఉంటుంది, అది కూడా ఒంటికి సరిగ్గా పట్టదు. 1998లో బెంగళూరులో చేసిన పరీక్షలో మిరియాలలోని పైపరిన్ తోడిస్తే రక్తంలోకి ఇరవై రెట్లు ఎక్కువ చేరింది. వాళ్ళు మనిషికి ఇచ్చింది రెండు గ్రాముల కర్క్యుమిన్. అంత పసుపులో రావాలంటే అరవై గ్రాముల పైనే తినాలి. పాలలో చిటికెడు పసుపు, రెండు మిరియాలు వేసి ఇచ్చిన మామ్మ చెయ్యి వెచ్చగా ఉండేది, గొంతుకి హాయిగా ఉండేది. అంతకుమించి ఆ పాల మీద భారం పెట్టను.

తెల్ల పువ్వులు, గులాబి పువ్వులు

పెద్దకర్మ భోజనాలయ్యాక వాకిట్లో కూర్చున్నాం. పెదనాన్న పెంచిన బిళ్ళగన్నేరు మొక్కలు గోడ వారగా గుబురుగా పూసి ఉన్నాయి. మా బావ అందులోంచి నాలుగాకులు తుంచి "రోజూ పరగడుపున ఇవి నమలు బావా, షుగరు దిగిపోద్ది" అన్నాడు. తనూ నములుతున్నాడట. ఆకులు ఆయన చేతిలోంచి తీసుకుని పడేశాను. ఆ మొక్క నాకు వేరే చోట తెలుసు.

బరంపురంలో ఒక ఆసుపత్రి ఫార్మసీలో చాలా ఏళ్ళు పని చేశాను. ఫ్రిజ్‌లో ఒక అరలో చిటికెన వేలంత సీసాలు ఉండేవి, ఒక్కో దాంట్లో ఒక్క మిల్లీగ్రాము మందు. విన్‌క్రిస్టిన్. రక్త క్యాన్సరు వచ్చిన పిల్లల వార్డుకి అవి వెళ్ళేవి. డాక్టరు పిల్లాడి ఎత్తూ బరువూ కట్టి లెక్క రాస్తే, నేను ఇంకోసారి లెక్క కట్టి, పక్క మనిషి చేత మూడోసారి కట్టించి పంపేవాణ్ణి. కాస్త ఎక్కువైతే నరాలు దెబ్బతింటాయి.

ఆ మందు ఈ బిళ్ళగన్నేరుదే. కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్తకి జమైకా నుంచి ఒక కవరులో ఆకులు వచ్చాయి. అక్కడివాళ్ళు షుగరుకి దీని టీ తాగుతారు, చూడమని. ఎలుకలకి ఇస్తే షుగరు తగ్గలేదు. సారం సూదితో ఎక్కిస్తే కొద్ది రోజుల్లో ఎలుకలు జబ్బుపడి చచ్చాయి. తెల్ల రక్తకణాలు పడిపోయి, ఒంట్లో క్రిములని ఆపేవాళ్ళు లేకుండా పోయారు. ఇంకొకరైతే ఆకులు చెత్తబుట్టలో పడేసేవారు. తెల్లకణాలు పడగొట్టేది తెల్లకణాలు పిచ్చిగా పెరిగే జబ్బులో పనికొస్తుందేమోనని ఆయనా, చార్లెస్ బీర్ అనే ఆయనా కలిసి వెంటబడి 1958లో విన్‌బ్లాస్టిన్ విడదీశారు. విన్‌క్రిస్టిన్ తర్వాత వచ్చింది. గ్రాము మందు రావాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. అంతటి విషం నాలుగాకుల్లో ఎంత ఉంటుందో బావకీ తెలీదు, నాకూ తెలీదు, అందుకే పడేశాను.

బావ నొచ్చుకున్నాడు. "మీ మందుల షాపులోళ్ళు ఇలాగే అంటారు" అన్నాడు. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం మీద కూడా మేమిద్దరం ఇలాగే పోట్లాడుకున్నాం. అది తాగినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిందని 2021లో ముంబై డాక్టర్లు రాశారు, ఆయుష్ శాఖ కాదంది. ఆ గొడవ ఎటు తేలినా, పచ్చగా ఉన్నది పాడు చెయ్యదన్న ధీమా మాత్రం మామ్మకి ఎప్పుడూ లేదు. పచ్చగన్నేరు కాయ జోలికి వెళ్తే వీపు చిట్లగొట్టేది.

రెండో చెయ్యి

బావని చల్లబరచడానికి మా పిన్ని నల్లేరు పచ్చడి తెచ్చింది. లేత కణుపులు కోసి, చేతులకి నూనె రాసుకుని, నార తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండు గట్టిగా వేసి రుబ్బాలి. వేపు తక్కువైతే గొంతంతా దురద. పిన్నికి ఆ చెయ్యి మామ్మ నుంచే వచ్చింది. అక్కడినుంచి మాట మామ్మ చెయ్యి విరిగిన సంగతికి వెళ్ళింది.

పాకుడు పట్టిన నూతి గట్టు మీద జారి మామ్మ కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నాన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి పిండికట్టు వేయించాడు. ఇంటికి రాగానే ఆవిడ ఎడం చేత్తోనే నల్లేరు వేయించడం మొదలుపెట్టింది, రోజూ పచ్చడి, కట్టు పైన నల్లేరు ముద్ద పట్టు. పిండికట్టు మీద ఆకుపట్టు ఏం పని చేస్తుందని నాన్న నెత్తి కొట్టుకున్నాడు. అయితే నల్లేరుకి పేరు ఊరికే రాలేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఉడుప, డాక్టర్ ప్రసాద్ 1960లలో ఎలుకల ఎముకలు విరిచి, కొన్నిటికి నల్లేరు ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా చూశారు. ఇచ్చినవాటిలో అతుకు త్వరగా పడింది. మనుషుల మీద మాత్రం అంత పెద్దగా, గట్టిగా చేసిన పరీక్షలు ఇప్పటికీ తక్కువే.

కట్టు విప్పిన రోజు మామ్మ చెయ్యి చక్కగా తిరిగింది. రుబ్బురోలు పొత్రం ఎత్తి చూపించింది. "చూసేవా, నల్లేరు" అంది.

"పిండికట్టు వల్లే అమ్మా. నల్లేరు తినకపోయినా ఈపాటికి అతుక్కునేదే" అన్నాడు నాన్న.

"తినకపోతే అతుక్కునేదని నీకెలా తెలుసురా?"

"తిన్నందుకే అతుక్కుందని నీకెలా తెలుసు? దేనితో పోల్చి చూశావు?"

మామ్మ పొత్రం దింపి ఎడం చెయ్యి ఆయన ముందు చాపింది. "అయితే ఇది కూడా ఇరగ్గొట్టు. దీనికి నీ కట్టొక్కటే యేద్దాం, పచ్చడి ఎయ్యొద్దు. అప్పుడు తేల్చుకుందాం."